రెక్కల కథ – 9వ భాగం: చలికి మంట ఒక్కటే మందా?

కిందటి భాగాన్ని బేగంపేటలో ఆపాం. 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్, దాని డకోటా విమానాలు, ఎక్కే గడపా దిగే గడపా అయిపోయిన మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్‌కు చివరికి ఉద్యోగం ఇచ్చిన ఆ సంస్థ గుండెధైర్యం, 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోవడం వరకు చెప్పుకున్నాం. డకోటా గురించి ఒక మాట మాత్రం మిగిలిపోయింది. దాని రెక్క ముందు అంచుకు నల్లటి రబ్బరు తొడుగు బిగించుకునే ఏర్పాటు ఉండేది. రెక్క మీద పేరుకున్న మంచును విరగ్గొట్టడానికి అది.

ఎండకు పేరుమోసిన దక్కన్‌లో మంచు తొడుగా అని నవ్వొచ్చు. నవ్వే ముందు ఏప్రిల్, మే నెలల్లో ఏదో ఒక గాలివాన సాయంత్రం హైదరాబాద్ తార్నాక చౌరస్తాలో నిలబడండి. పొద్దంతా తారు మెత్తబడేలా కాసిన ఎండ, ఉన్నట్టుండి చీకటి, ఈదురుగాలి, ఆ వెంటనే రేకుల మీద టపటపా వడగళ్లు. పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకునే ఆ గడ్డలు హిమాలయాల నుంచి రాలేదు. మన నెత్తి మీదే తయారయ్యాయి. పైకి వెళ్తున్న కొద్దీ కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. వానాకాలంలో కూడా హైదరాబాద్ మీద దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే సున్నా డిగ్రీల గీత తగులుతుంది. ఆ గీతకు అవతల ఏడాది పొడుగునా శీతకాలమే.

డకోటా సాధారణంగా ఆ గీతకు కిందే ఎగిరేది కాబట్టి ఇక్కడ దానికి తొడుగుతో పెద్దగా పనిపడేది కాదు. ఇవాళ హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే ఏటీఆర్ విమానం ఆ గీత దాటి ఎగరగలదు. ఈసారి ఎక్కే ముందు తలెత్తి చూడండి. రెక్క ముందు అంచున నల్లగా కనిపించేది రంగు కాదు, రబ్బరు. డకోటా నాటి ఉపాయం ఇంకా బతికే ఉంది.

మబ్బులో మాటు వేసిన నీళ్లు

మంచు అనే మాటను మనం చాలా ఉదారంగా వాడతాం. సంక్రాంతి పొద్దున పొలం మీద కమ్ముకునేదీ మంచే, గడ్డిపరక మీద బొట్టూ మంచే, కశ్మీర్‌లో కురిసేదీ మంచే. విమానం రెక్కకు శత్రువైన మంచు వీటిలో ఏదీ కాదు. అది మబ్బులో ఉన్నంతసేపు నీళ్లే.

ఫ్రీజర్‌లో మరిచిపోయిన నీళ్ల సీసాను బయటికి తీసి బల్ల మీద ఠక్కున పెడితే, అప్పటిదాకా నీరుగా ఉన్నది కళ్లముందే గడ్డకట్టడం కొందరు చూసే ఉంటారు. సున్నాకు దిగగానే నీరు గడ్డకట్టాలని నియమం లేదు. మొదటి స్ఫటికం నిలదొక్కుకోవడానికి ఒక ఊతం కావాలి. దుమ్ము రేణువో, ఒక కుదుపో, ఒక గరుకు అంచో దొరకాలి. మబ్బులోని సన్నటి బిందువులు ఆ ఊతం దొరక్క మైనస్ 20 డిగ్రీల్లోనూ, ఇంకా కింద కూడా నీరుగానే తేలుతూ ఉంటాయి. వాటి మధ్యకు గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో ఒక లోహపు అంచు దూసుకొస్తుంది. వెతుకుతున్న ఊతం ఎదురొచ్చినట్టే. తగిలిన బిందువు తగిలినచోటే బిగుసుకుంటుంది.

1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటుతున్నప్పుడు మబ్బుల్లో దూరితే మంచు పట్టడం మొదలైంది. టార్చిలైటు వేసి చూసుకుని, మబ్బుల్లోంచి బయటపడే దారి పట్టాడు. ఆ రోజుల్లో అందరికీ బరువు భయం. ఇంత మంచు మోస్తే విమానం కుంగదా అనుకునేవారు. అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ నాకాలో థామస్ కారల్, విలియం మెకావోయ్ అనే ఇద్దరు పైలట్లు 1928లో పనిగట్టుకుని మంచు మబ్బుల్లోకి విమానం నడిపి అసలు సంగతి పట్టుకున్నారు. ప్రాణం తీసేది బరువు కన్నా ఆకారం. రెక్క నునుపైన వంపు మీదుగా గాలి జారితేనే విమానాన్ని పైకెత్తే బలం పుడుతుంది. ఆ వంపు మీద గరుకు పుండులా మంచు లేస్తే గాలి చెదిరిపోతుంది, ఎత్తే బలం పడిపోతుంది. తలమునకలయ్యే మంచు అక్కర్లేదు, ఉప్పుకాగితమంత గరుకు చాలు.

పూత, పోటు, మంట

శత్రువు ఎవరో తెలిశాక మూడు ఆయుధాలు బయటికొచ్చాయి.

మొదటిది పూత. 1930లో నాకాలోనే మాంట్‌గోమరీ నైట్, విలియం క్లే చల్లటి గాలి సొరంగంలో చిన్న రెక్క నమూనా పెట్టి, దానికి నూనెలు, గ్రీజులు, మైనాలు ఒకటొకటిగా పూసి చూశారు. నీళ్లు అంటని జిడ్డుకు మంచు కూడా అంటదని వాళ్ల ఆశ. మంచు నిక్షేపంగా అంటుకుంది. జిడ్డు పథకం అటకెక్కింది. ఈ ఓటమిని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

రెండోది పోటు. గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో పనిచేసి రిటైరైన రసాయన శాస్త్రవేత్త విలియం గీర్, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాలు చేస్తూ వేరే దారి పట్టారు. మంచును అంటుకోనివ్వండి, తర్వాత కింద నుంచి పొడవండి అన్నది ఆ దారి. రెక్క అంచుకు రబ్బరు తొడుగు, దాని లోపల గొట్టాలు. గొట్టాల్లోకి గాలి కొట్టగానే రబ్బరు ఉబ్బుతుంది, పైన ఉన్న మంచు పెంకు పగులుతుంది, ఎదురుగాలికి ఎగిరిపోతుంది. ఖర్చు తక్కువ, బలం కొంచెం చాలు. డకోటా మీదా, ఏటీఆర్ మీదా ఉన్నది ఇదే. దీని బలహీనత తొడుగు వెడల్పు. 1994 అక్టోబరు 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ పెద్ద పెద్ద అతిచల్లటి బిందువుల్లో చిక్కుకుంది. నీళ్లు తొడుగు దాటి వెనక్కి పారి అక్కడ గడ్డకట్టాయి. ఆ ప్రమాదంలో 68 మంది పోయారు.

మూడోది మంట. నాకా ఇంజినీరు లూయిస్ రోడర్ట్, ఇంజిన్ పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడిని రెక్క లోపలికి మళ్లించారు. రెండో ప్రపంచ యుద్ధం దీనికి తొందర పెట్టింది. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సరుకులు మోసిన మిత్రపక్షాల విమానాలు తుపాను గాలులకూ, మంచుకూ పెద్ద సంఖ్యలో బలయ్యాయి. ఆ దారిని పైలట్లు 'హంప్' అనేవారు. వేడి రెక్కల పనికి 1946 సంవత్సరపు కొలియర్ ట్రోఫీ రోడర్ట్‌కు దక్కింది.

జెట్ విమానాలు వచ్చాక మంటే గెలిచింది. ఇంజిన్ లోపల బాగా అణిచినందువల్ల వేడెక్కిన గాలిలో కొంత భాగాన్ని తీసి, రెక్క అంచులోని గొట్టంలోకి పంపిస్తారు. ఆ గొట్టానికి పిల్లనగ్రోవికి ఉన్నట్టు వరసగా చిల్లులు ఉంటాయి. అందుకే దాన్ని పికొలో ట్యూబ్ అంటారు. చిల్లుల్లోంచి ఎగజిమ్మే వేడిగాలి రేకును లోపలి నుంచి కాలుస్తుంది. బాగా పనిచేస్తుంది, కానీ ఉచితంగా చేయదు. తోయాల్సిన గాలిని దారి మళ్లించినందుకు ఇంజిన్ బలం ఆ మేరకు తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. రెక్కను వెచ్చబెట్టిన గాలి మిగిలిన వేడితో సహా బయటికి పోతుంది. నీటిని పూర్తిగా ఆవిరి చేయాలనుకుంటే ఖర్చు మరీ ఎక్కువ. కిలో మంచును కరిగించడానికి పట్టే వేడికి ఏడు రెట్లకు పైగా, కిలో నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది.

చలి అంటే మంట అనే ఆలోచన అలా స్థిరపడింది. ఆ ఆలోచనకు వేరే జవాబు చెప్పిన చోటు ఒకటుంది. అందుకోసం బేగంపేట వదిలి తార్నాక వైపు రావాలి.

ఆర్ట్స్ కాలేజీ మీది ధ్రువప్రాంతం

ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పాలని 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, అడిక్‌మెట్ దగ్గరి ఈ ప్రాంగణంలో స్థిరపడి, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ప్రారంభించుకుంది. ఆ గులాబి రాయి మెట్ల మీద కూర్చున్న విద్యార్థుల కథలు ఎన్నో విన్నాం. ఆ ప్రాంగణం నుంచి ఆకాశంలోకి వెళ్లిన ప్లాస్టిక్ సంచుల కథ తక్కువ మందికి తెలుసు.

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను వాతావరణం పైపొరల్లో కొలవాలని హోమీ భాభా 1940ల్లో బెంగళూరులో రబ్బరు బెలూన్లతో మొదలుపెట్టారు. ఆయన స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ (టీఐఎఫ్ఆర్) తర్వాత పెద్ద ప్లాస్టిక్ బెలూన్లకు మారింది. ఎగరేయడానికి హైదరాబాద్ బాగా కుదిరింది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి బలహీనమైన కాస్మిక్ కిరణాల రొద తక్కువ. చుట్టూ నేలే కాబట్టి పరికరాలు సముద్రంలో పడే బెంగ తక్కువ. 1969లో ఈసీఐఎల్ ప్రాంతంలో శాశ్వత కేంద్రం ఏర్పడే దాకా ఆ బెలూన్లకు ఉస్మానియా ప్రాంగణమే మైదానం. 1968లో వృశ్చిక రాశిలోని స్కో ఎక్స్-1 అనే ఖగోళ వస్తువు నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను కొలిచిన బెలూన్ కూడా హైదరాబాద్ నుంచే లేచింది.

ఈ బెలూన్ల అసలు శత్రువు చలి. గడ్డకట్టే చలి ఉన్న ఆకాశం ఎక్కడుందని అడిగితే ఎవరైనా ధ్రువాల వైపు వేలు చూపిస్తారు. నిజానికి అలాంటి చలి మన నెత్తి మీదా ఉంది. గాలి పైకి పోతూ చల్లబడే పొర ధ్రువాల దగ్గర 8, 9 కిలోమీటర్ల ఎత్తులోనే ముగిసిపోతుంది. ఉష్ణమండలంలో అది 16, 17 కిలోమీటర్ల దాకా సాగుతుంది. ఎక్కే మెట్లు ఎక్కువైన కొద్దీ దిగే డిగ్రీలూ ఎక్కువే. హైదరాబాద్ మీద ఆ కొసన మైనస్ 80 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా కింద. నిమిషానికి 300 మీటర్ల చొప్పున లేచే బెలూన్ తార్నాక ఉక్కపోతలోంచి ఆ చలిలోకి గంటలో చేరుతుంది.

పై అక్షాంశాల్లో నమ్మకంగా ఎగిరిన పాలిథిన్ ఇక్కడికొచ్చేసరికి పెళుసుబారి చిట్లిపోయేది. బెలూన్ పొర వెంట్రుక కంటే పల్చన. దాన్ని వేడి చేయడానికి పొయ్యి కట్టి పంపలేం. ఉన్న దారి ఒక్కటే, పొరనే మార్చాలి. మైనస్ 80, 90 డిగ్రీల్లోనూ సాగే గుణం పోని రెజిన్ ఎంచుకోవడం, దాన్ని పొరగా ఊదే తీరు సరిచూసుకోవడం, ప్రతి చుట్టనూ చలిలో పరీక్షించడం. టీఐఎఫ్ఆర్ బృందం ఈ పద్ధతిలోనే ఉష్ణమండలపు చలిని తట్టుకునే బెలూన్లు సొంతంగా తయారుచేసుకుంది. మంట పెట్టకుండా, చర్మం మార్చి చలిని దాటడం.

చలికి భయపడని సూక్ష్మజీవి

ప్రాంగణం నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడ వైపు నడిస్తే అదే పాఠం మరో రూపంలో ఎదురవుతుంది. నిజాం ప్రభుత్వం 1944లో మొదలుపెట్టిన కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలలు 1956లో రీజనల్ రిసెర్చ్ లేబొరేటరీ అయ్యాయి. పాతకాపులు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. 1989 నుంచి దాని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, అంటే ఐఐసీటీ. ఆ ఆర్ఆర్ఎల్ జీవరసాయన విభాగంలోంచే 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యాన జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ పుట్టింది.

సీసీఎంబీలో సిసింథి శివాజీ బృందం అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి బ్యాక్టీరియాను వేరుచేసింది. వాటిలో ఎల్‌జెడ్4డబ్ల్యు అనే సూడోమోనాస్ రకం సున్నా డిగ్రీల్లోనూ హాయిగా పెరుగుతుంది. దాని బతుకు తీరు మీద మలయ్ కుమార్ రే బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి సూక్ష్మజీవికి లేదు. చలి పెరిగితే అది తన పైపొరలోని కొవ్వు ఆమ్లాల కూర్పును సవరించుకుంటుంది. ఇది మన వంటింట్లో కనిపించేదే. డిసెంబరు పొద్దున నెయ్యి డబ్బాలో గరిటె దిగదు, పక్కనే వేరుశనగ నూనె మాత్రం ధారగా కారుతుంది. చలి ఒకటే, కొవ్వు కూర్పు వేరు. పొర నెయ్యిలా బిగుసుకోకుండా నూనెలా మెత్తగా ఉండేలా చూసుకోవడమే ఆ జీవి తెలివి.

ఇదే సూడోమోనాస్ కుటుంబంలో తిరకాసు జీవులూ ఉన్నాయి. మైనస్ 2 డిగ్రీల చలికే నీటిని గడ్డకట్టించే ప్రొటీన్ కొన్నిటి పైపొర మీద ఉంటుంది. నీటికి కావాల్సిన ఊతాన్ని అది అచ్చు పోసినట్టు అందిస్తుంది. ఒక పొర చలికి బిగుసుకోదు, మరొకటి మంచును పిలిచి కూర్చోబెడుతుంది. తేడా అంతా పొరలోనే. ఇంతా చేసి బెలూన్ పనివాళ్లూ సూక్ష్మజీవుల పరిశోధకులూ విమానం రెక్క కోసం పనిచేయలేదు. అయినా రెక్కల ఇంజినీర్లు తిరిగి తిరిగి ఈ ఆలోచన దగ్గరికే చేరారు.

తామరాకు చెప్పింది, చెప్పనిది

తామరాకు మీద నీటిబొట్టు అని వైరాగ్యానికి ఉపమానం చెప్పుకున్న జాతి మనది. ఆ బొట్టు ఎందుకు అంటదో 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హైస్ వివరించారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనం. బుడిపెల మధ్య గాలి ఉండిపోవడం వల్ల బొట్టు పైపైనే దొర్లుతుంది. మంచుకు మందు దొరికిందని ప్రపంచమంతా తామరాకు పూతలు మొదలుపెట్టింది. 1930 నాటి నైట్, క్లేల ఆశ కొత్త బట్టలు తొడుక్కుని వచ్చింది.

2010లో ఎంఐటీలో కృప వారణాసి బృందం ఆ ఆశకు కళ్లెం వేసింది. తేమగాలిలో నూగుమంచు బుడిపెల పైన మాత్రమే కాక వాటి మధ్య సందుల్లోనూ కట్టుకుంటుంది. అప్పుడు ప్రతి సందూ ఒక కొక్కెం అవుతుంది. నునుపు రేకు కన్నా తామరాకు పూతకే మంచు గట్టిగా పట్టుకోవచ్చని తేలింది. నీళ్లు అంటకపోవడం వేరు, మంచు అంటకపోవడం వేరు. తామరాకు కొలనులో పెరిగింది, దానికి మంచు గురించి ఏం తెలుసు?

అప్పటి నుంచి ప్రశ్న మారింది. మంచును రాకుండా ఆపడం కన్నా, వచ్చినదాన్ని అతి తక్కువ శక్తితో వదిలించడం ఎలా? ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరు రెక్క మీద సెంటీమీటరు మందాన మంచు ఉంటే దాని బరువు 9 కిలోల పైమాటే. దాన్నంతా కరిగించాలంటే మామూలు పది లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి కావాలి. కానీ మంచును పట్టి ఉంచుతున్నది రేకుకు ఆనుకున్న అడుగు పొర ఒక్కటే. అందులో పదో వంతు మిల్లీమీటరు కరిగితే చాలు, పై గడ్డ దానంతటదే జారిపోతుంది. అందుకు నూరో వంతు వేడి, అంటే చాయ్ గ్లాసుడు నీళ్లను మరిగించేంత వేడి చాలు. లోపలికి పారిపోయే వేడిని ఈ లెక్కలో కలపలేదు. అది పారిపోయే లోపే పని ముగించాలని డార్ట్‌మత్‌లో విక్టర్ పెట్రెంకో రెప్పపాటు విద్యుత్ తాకిడి పద్ధతిని కనిపెట్టారు. వారణాసి బృందం 2018లో మరో మెట్టు ఎక్కింది. ఎండను పీల్చుకునే పొర, ఆ వేడిని పరిచే లోహపు పొర, కిందికి జారకుండా ఆపే పొర, ఇలా మూడింటితో ఎండే మంచును వదిలించే పూత చేసింది.

నడిచే విమానాల్లో మార్పు నెమ్మదిగా వస్తోంది. 2009లో తొలిసారి ఎగిరి, 2012లో ఎయిరిండియాకు చేరిన బోయింగ్ 787 రెక్కల్లో వేడిగాలి గొట్టాల్లేవు. అంచుకు అతుక్కున్న విద్యుత్ దుప్పట్లు ఉన్నాయి. పాత పద్ధతితో పోలిస్తే వాటికి సుమారు సగం శక్తి చాలునని బోయింగ్ చెబుతుంది. ఆ దుప్పటి మీద మంచు సులువుగా వదిలే పూత కూడా నిలబడితే మిగతా సగంలోనూ కోత పడుతుంది. ఆ 'నిలబడితే' దగ్గరే కథ ఆగి ఉంది. వాన చినుకు, ఇసుక రేణువు, పురుగు, అతినీలలోహిత కిరణాలు అన్నీ పూతను కొరికేవే.

ఆ మన్నిక ప్రశ్న మనల్ని మళ్లీ తార్నాకలోని పాత ఆర్ఆర్ఎల్ గేటు ముందు నిలబెడుతుంది. పాలీయురెథేన్ పూతల అణు నిర్మాణాన్ని ఎలా మలిస్తే ఎలాంటి గుణం వస్తుందో వివరిస్తూ ఐఐసీటీకి చెందిన డి.కె. చట్టోపాధ్యాయ, కె.వి.ఎస్.ఎన్. రాజు 2007లో రాసిన సుదీర్ఘ సమీక్షను ప్రపంచమంతటా పూతల పరిశోధకులు ఉటంకిస్తారు. విమానాల రంగుల్లో పాలీయురెథేన్‌ది ముఖ్యస్థానం. ఒకే అణుగొలుసులో గట్టి ముక్క, మెత్తటి ముక్క పక్కపక్కన పెట్టగలగడం దాని విద్య. గట్టిది మన్నికనిస్తుంది, మెత్తటిది చలిలోనూ సాగుతుంది. బెలూన్ పొర అడిగిందీ, అంటార్కిటికా జీవి చేసుకున్నదీ అదే.

1930లో నైట్, క్లే పూసిన జిడ్డు ఓడిపోయింది. చూడాల్సింది చర్మాన్నే అన్న వాళ్ల ఊహ మాత్రం ఓడిపోలేదు. రెక్క మీద ఎంత మంట పెట్టాలి అన్నది ఎనభై ఏళ్ల ప్రశ్న. మంట అవసరాన్ని చాయ్ గ్లాసు దాకా ఎలా తగ్గించాలి అన్నది ఇవాళ్టి ప్రశ్న.

వచ్చే భాగంలో: ఆకాశం నుంచి పొలాల్లో దిగిన పెట్టెలు. బెలూన్ల పరికరాలు పారాచూట్లతో చేల మధ్య వాలినప్పుడు, 'ముట్టుకోకండి, కబురు చేయండి' అని పత్రికల్లో పడే ప్రకటనల వెనక కథ.

(ఇంకా ఉంది)